ఊదిన దుమ్ము ఎటు పోతుంది?

కంప్యూటర్‌లో దుమ్ము చేరిందంటే మనకు మొదట తట్టేది గాలి. నోటితో ఊదుతాం, లేకపోతే స్ప్రే డబ్బా కొనుక్కొస్తాం, అదీ కాకపోతే రిపేరు షాపుకు తీసుకెళతాం. అక్కడ బ్లోయర్ పెట్టి కొడతారు. కళ్ల ముందే దుమ్ము లేచిపోతుంది కనుక శుభ్రమైపోయిందని తృప్తి పడతాం. ఆ తృప్తి దగ్గరే నా అభ్యంతరం. గాలికి దుమ్మును మాయం చేసే శక్తి లేదు. ఒకచోట పేరుకున్నదాన్ని లేపి మరోచోటికి చేర్చడం ఒక్కటే అది చేయగలిగింది. ఆ మరోచోటు యంత్రానికి బయట ఉంటే మంచిదే. లోపలే ఉంటే మాత్రం దుమ్ము మనకు కనిపించే చోటు నుంచి కనిపించని చోటికి మారిందంతే. అందుకని గాలి పట్టేముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: లేచిన దుమ్ము ఏ దారిన బయటికి పోవాలి? గాలి అనుకుంటున్నదానితో పాటు ఇంకేమేం లోపలికి వెళుతున్నాయి? ఈ రెండూ తేల్చుకోకుండా ఊదడం కన్నా దుమ్మును అలాగే ఉంచడం మేలని నా వాదన.

నడుస్తున్న యంత్రాన్ని కదిలించడం ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. అవసరం ఉంది కనుకే ఈ ప్రసంగం. కంప్యూటర్‌లో ప్రాసెసర్ పుట్టించే వేడిని హీట్ సింక్ అనే లోహపు రేకుల వరస పీల్చుకుంటుంది. ఫ్యాను ఆ రేకుల మధ్యగా గాలిని తోసి వేడిని బయటికి పంపుతుంది. లాప్‌టాప్‌లో ఆ సందులు చాలా సన్నం. బట్టల నూగు, తలవెంట్రుకలు, రోడ్డు దుమ్ము, అగరుబత్తి పొగ, తాలింపులోంచి లేచే నూనె ఆవిరి అన్నీ కలిసి ఫ్యానుకూ రేకులకూ మధ్య మందమైన పొర కడతాయి. గాలి ఆడదు. వేడి పెరిగేసరికి ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. సిస్టం స్లో అయిందని మనమేమో వైరస్ కోసం వెతుకుతాం, ర్యామ్ పెంచితే బాగుపడుతుందేమోనని ఆలోచిస్తాం. కోస్తా ఊళ్లలో దీనికి ఉప్పు తోడవుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను లాక్కుని కరిగిపోతుంది. విశాఖపట్నంలోనో కాకినాడలోనో అంత తేమ అరుదేమీ కాదు. ఉప్పు కలిసిన దుమ్ము తడిస్తే కరెంటు దాని గుండా పారుతుంది, బోర్డు మీది రాగి గీతలను కూడా అది తినేస్తుంది. కాబట్టి దుమ్ము తీయాల్సిందే. ఎలా తీయాలన్న దగ్గరే చిక్కంతా.

గాలితో దుమ్ము తీయడంలోని కిటుకూ, దాని హద్దూ ఒకేచోట కనిపించే ఉదాహరణ ఆపిల్ కంపెనీ కీబోర్డు. 2015లో వచ్చిన 12 అంగుళాల మ్యాక్‌బుక్‌లో ఆ కంపెనీ మీటల కింద బటర్‌ఫ్లై అనే కొత్త అమరిక పెట్టింది. లాప్‌టాప్‌ను ఇంకా పలచన చేయడం దాని ఉద్దేశం. మీట కిందికి దిగే దూరం సుమారు అర మిల్లీమీటరుకు తగ్గిపోయింది. ఆ కాస్త సందులో రవ్వంత నలుసు పడినా మీట బిగుసుకుపోయేది, లేదా ఒకసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడేది. దీనికి కంపెనీ చెప్పిన చికిత్స గాలే. కానీ ఎంత పద్ధతిగా చెప్పిందో వినండి. లాప్‌టాప్‌ను బల్ల మీద పరిచి ఊదకూడదు. 75 డిగ్రీల వాలులో, అంటే దాదాపు నిలువుగా పట్టుకోవాలి. డబ్బాకుండే సన్నటి గొట్టాన్ని మీటలకు అర అంగుళం ఎడంగా ఉంచి, ఒక పక్క నుంచి రెండో పక్కకు వరసగా కొట్టుకుంటూ పోవాలి. తర్వాత లాప్‌టాప్‌ను కుడివైపుకు తిప్పి మళ్లీ కొట్టాలి, ఎడమవైపుకు తిప్పి ఇంకోసారి కొట్టాలి. డబ్బాను మాత్రం తలకిందులు చేయకూడదు.

ఇన్ని తిప్పుళ్లు ఎందుకంటే, గాలికి లేచిన నలుసు కిందికి జారి రాలిపోవడానికి దారి ఉండాలి కనుక. పడుకోబెట్టిన కీబోర్డులో ఆ నలుసు పక్క మీట కిందికి దూరుతుంది. అంటే ఇక్కడ గాలి పని లేపడం వరకే. రాల్చే పని భూమ్యాకర్షణది. ఇంత పద్ధతిగా చెప్పినా సమస్య తీరలేదు. 2018 జూన్‌లో ఆపిల్ ఆ కీబోర్డులకు ఉచితంగా మరమ్మతు చేసే పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2019 నవంబరులో 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోతో మళ్లీ పాత తరహా మీటలకు వచ్చింది. అమెరికాలో వినియోగదారులు వేసిన దావాను 2022లో 5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. కంపెనీయే గాలి కొట్టమంది కదా, ఇంకా సందేహమెందుకు అని అడిగేవారికి నేను చూపించేది ఈ ఉదాహరణే. కంపెనీ చెప్పింది ఒక పద్ధతిని. ఆ పద్ధతిలోంచి గాలిని మాత్రం ఏరుకుని, వాలునూ వరసనూ వదిలేస్తే అది కంపెనీ మాట కాదు. మన ఇళ్లలో ఉండే రబ్బరు పొర కీబోర్డుకైనా ఇదే వర్తిస్తుంది. ముందు బోర్లించి వీపు మీద మెల్లగా తట్టాలి. మెత్తటి బ్రష్షుతో మీటల సందుల్లో ఉన్నది కదిలించాలి. వాలుగా పట్టుకుని గాలి కొట్టడం ఆ తర్వాతి పని. బిస్కెట్ పొడిలో సగానికి పైగా ఆ మొదటి తట్టుడుకే రాలిపోతుంది.

ఇక ఆ డబ్బా సంగతి. పేరుకు గాలి డబ్బాయే కానీ మామూలుగా దొరికేవాటిలో ఉండేది గాలి కాదు. అంత చిన్న డబ్బాలో ఉత్త గాలి నింపితే కొన్ని క్షణాల్లో అయిపోతుంది. అందుకని ఒత్తిడికి ద్రవంగా మారే వాయువు నింపుతారు. ఎక్కువగా కనిపించేవి డైఫ్లోరోఈథేన్, టెట్రాఫ్లోరోఈథేన్. రెండోది కారు ఏసీల్లోనూ ఫ్రిజ్‌లలోనూ వాడుతూ వచ్చినదే. ఇవి మరిగేది సున్నాకు 25 డిగ్రీల దిగువన. మనం నొక్కినప్పుడు డబ్బా పైభాగంలో ఉన్న ఆవిరి బయటికొస్తుంది. ఆ లోటు పూడ్చడానికి అడుగునున్న ద్రవం మరుగుతుంది, మరగడానికి కావలసిన వేడిని డబ్బా నుంచే లాక్కుంటుంది. అందుకే కాసేపు ఆగకుండా కొడితే డబ్బా చేతికి చల్లగా తగులుతుంది, జోరు తగ్గిపోతుంది. అప్పుడు చాలామంది డబ్బాను ఊపుతారు, వంచుతారు. ప్రమాదం అక్కడ మొదలవుతుంది. వంచితే ఆవిరికి బదులు ద్రవమే చిమ్ముతుంది. చర్మం మీద పడితే చలికి కణాలు చచ్చి, కాలినట్టే బొబ్బలెక్కుతుంది. బోర్డు మీద పడితే అక్కడ ఒక్కసారిగా చల్లబడి చుట్టూ ఉన్న గాలిలోని తేమ నీటిబొట్లుగా చేరుతుంది. డబ్బా నిటారుగా ఉండాలి, ఒకటి రెండు సెకన్లకు మించి ఏకధాటిగా కొట్టకూడదు, చల్లబడితే పక్కన పెట్టి మళ్లీ మామూలు స్థితికి రానివ్వాలి. తొందరపడి వేడినీళ్లలో పెట్టడం, ఎండలో ఉంచడం చేయకూడదు. 25 డిగ్రీల దగ్గర ఆ డబ్బాలో ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 6 రెట్లు ఉంటుంది, 50 డిగ్రీలకు అది దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో నిలిపిన కారు లోపల అంత వేడి పుట్టడం కష్టమేమీ కాదు.

డైఫ్లోరోఈథేన్ మండే వాయువు కూడా. గాలిలో సుమారు 4 నుంచి 17 శాతం మధ్య కలిసి ఉంటే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది, మండితే ఊపిరితిత్తులను దహించే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా కొట్టకూడదన్నది అందుకే. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు తీయాలి, కిటికీలు తెరవాలి, అయ్యాక కనీసం పావుగంట ఆగి ఆన్ చేయాలి. దేవుడి దీపం వెలుగుతున్న గదిలో ఈ పని పెట్టుకోకూడదు. మండని రకం కొనుక్కుంటే సరిపోతుంది కదా అంటారా? టెట్రాఫ్లోరోఈథేన్ మండదు, నిజమే. కానీ భూమిని వేడెక్కించడంలో అది వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కు 1430 రెట్లు. 300 గ్రాముల డబ్బా ఒకటి ఖాళీ చేస్తే దాదాపు 430 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. అంటే ఇంచుమించు 185 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టు. కీబోర్డు దుమ్ముకు ఇంత మూల్యం చెల్లించడం నాకు న్యాయంగా తోచదు. ఇలాంటి వాయువుల వాడకాన్ని దశలవారీగా తగ్గించడానికి 2016లో కిగాలీలో ఒప్పందం కుదిరింది, 2021లో మన దేశం దాన్ని ఆమోదించింది.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. మత్తు కోసం ఈ డబ్బాల్లోని వాయువును పీల్చే అలవాటు అమెరికాలో యువకుల ప్రాణాలు తీస్తోంది. ఇది గుండె లయను చెదరగొడుతుంది, మొదటిసారి పీల్చినా గుండె ఆగిపోవచ్చు. 2012 నుంచి 2021 వరకు వెయ్యికి పైగా మరణాలు సంభవించి ఉంటాయని అంచనా వేసిన అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంస్థ, 2024లో ఇలాంటి డబ్బాలను నిషేధించాలని ప్రతిపాదించింది. పిల్లలున్న ఇంట్లో, కాలేజీ ల్యాబులో ఈ డబ్బాను బల్ల మీద వదిలేయకండి. పురుగుమందు డబ్బాను ఎక్కడ దాస్తామో దీన్నీ అక్కడే దాచాలి.

డబ్బా ఖరీదనో, దొరకదనో చాలామంది పంక్చర్ షాపు కంప్రెషర్ దగ్గరికి వెళతారు. అందులో వచ్చేది నిజంగా గాలే. కానీ దానితో పాటు నీరు వస్తుంది. లెక్క తేలికే. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి మహా అయితే 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. తేమ 80 శాతం ఉన్న రోజు అందులో 24 గ్రాములు ఉంటుంది. ఆ గాలిని ఎనిమిదో వంతుకు కుదించి ట్యాంకులో చల్లారనిస్తే, ఆ కాస్త చోటు పట్టుకోగలిగే ఆవిరి 4 గ్రాములు కూడా కాదు. మిగిలిన 20 గ్రాములు, నాలుగు టీస్పూన్లంత నీరు, ట్యాంకులో తేలుతుంది. ఇది ఒక్క ఘనమీటరు గాలికి లెక్క. ట్యాంకు అడుగునున్న బిరడా విప్పి ఆ నీటిని రోజూ వదలకపోతే పైపులోకి ఎక్కుతుంది. కంప్రెషర్‌లో వేసే నూనె సన్నటి తుంపరగా వస్తుంది, ట్యాంకు లోపలి తుప్పు రేణువులుగా వస్తుంది. టైరుకు వీటితో వచ్చే ఇబ్బంది లేదు. మదర్‌బోర్డు మీద మాత్రం నూనె తుంపర పడిన చోట తర్వాత వాలే దుమ్ము ఇక వదలదు. తుడవడానికి తీసుకెళ్లిన యంత్రం అంతకు ముందు కన్నా తొందరగా దుమ్ము పట్టేలా తయారై ఇంటికొస్తుంది.

ఒత్తిడి సంగతి మరీ ముఖ్యం. లారీ టైరుకు వంద పీఎస్ఐకి (చదరపు అంగుళానికి వంద పౌండ్లకు) పైగా గాలి కావాలి కనుక ఆ షాపు ట్యాంకులో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అమెరికాలో కర్మాగారాల భద్రతా నిబంధనల ప్రకారం శుభ్రం చేయడానికి వాడే గాలి 30 పీఎస్ఐ లోపే ఉండాలి, అది కూడా ఎగిరే రవ్వలను ఆపే అడ్డు, కళ్లద్దాల్లాంటి రక్షణలతోనే. అంటే మన వీధి చివర కంప్రెషర్ గాలి ఆ హద్దుకు మూడు నాలుగు రెట్లు. ఆ జోరుకు మీట ఊడి ఎగిరిపోవడం, సన్నటి రిబ్బన్ వైరు కనెక్టరులోంచి జారడం చిన్న నష్టాలు. లేచిన ఇసుక రేణువు కంట్లో గుచ్చుకుంటుంది. చర్మం మీద గాటు ఉంటే గాలి దాని గుండా లోపలికి దూరి రక్తనాళాల్లోకి చేరవచ్చు. పని అయ్యాక ఒంటి మీది దుమ్మును అదే పైపుతో కొట్టుకోవడం మన వర్క్‌షాపుల్లో సర్వసాధారణం. సరదాకని తోటి కార్మికుడి శరీరంలోకి గాలి పైపు పెట్టిన ఘటనల్లో ప్రాణాలు పోయిన వార్తలు మన దేశంలోనే వచ్చాయి. ఈ పనిలో సరదాకు చోటివ్వకూడదు.

మేం ఏళ్ల తరబడి ఇలాగే కొడుతున్నాం, ఏ కంప్యూటరూ పాడవలేదే అని రిపేరు చేసేవారు అంటారు. వారి అనుభవాన్ని నేను తోసిపుచ్చను. చేయి తిరిగిన మెకానిక్ గొట్టాన్ని జానెడు దూరంలో పెడతాడు, ఫ్యాను రెక్కను వేలితో ఆపుతాడు, ట్యాంకులో నీరు ముందే వదులుతాడు. దూరం పెరిగేకొద్దీ గాలి జోరు బాగా తగ్గుతుంది కనుక నష్టం జరగదు. అతన్ని కాపాడుతున్నది ఆ జాగ్రత్తలే. అవి లేకుండా కొట్టినవాడికి నష్టం వెంటనే కనిపించదు. షాపులోంచి యంత్రం పనిచేస్తూనే బయటికి పోతుంది. తడిసిన కనెక్టరుకు పచ్చగా చిలుము పట్టడానికి వారాలు పడుతుంది, దెబ్బతిన్న ఫ్యాను బేరింగు గరగరలాడటానికి నెలలు పట్టవచ్చు. అప్పుడు వచ్చిన మరమ్మతును ఎవరూ ఆనాటి గాలికి ముడిపెట్టరు. ఏమీ కాలేదన్న అనుభవానికి ఇక్కడ సాక్ష్యంగా బలం తక్కువ. ఫ్యాను మాటే తీసుకుంటే, గాలి జోరుకు అది తన మామూలు వేగాన్ని ఎన్నో రెట్లు మించి తిరుగుతుంది. కూతలా వచ్చే ఆ చప్పుడు వినడానికి బాగుంటుంది కానీ బేరింగు అరిగేది అప్పుడే. పైగా తిరిగే మోటారు తానే కరెంటు పుట్టిస్తుంది, దాన్ని అడ్డుకునే ఏర్పాటు లేని ఫ్యాను అయితే అది బోర్డులోకి ఎదురెక్కవచ్చు. ఒక అగ్గిపుల్లో, టూత్‌పిక్కో రెక్కల మధ్య పెడితే ఈ గొడవంతా ఉండదు.

ఊదడం బదులు వ్యాక్యూమ్ క్లీనర్‌తో పీల్చేస్తే దుమ్ము దారి సమస్యే రాదు కదా అనేది ఇంకో ప్రశ్న. ఆలోచన సరైనదే. చిక్కు వేరేచోట ఉంది. దుమ్ముతో నిండిన గాలి ప్లాస్టిక్ గొట్టంలో రాసుకుంటూ పోయేటప్పుడు అక్కడ స్థిర విద్యుత్తు పోగవుతుంది. మనిషి చర్మానికి చురుక్కుమనిపించాలంటే సుమారు 3000 వోల్టులు కావాలి, కొన్ని చిప్పులు వంద వోల్టులకే పాడవుతాయి. అంటే మన చేతికి తెలియకుండానే నష్టం జరిగిపోతుంది. అందుకని బోర్డును గొట్టంతో తాకకుండా, కాస్త ఎడంగా, లేచిన దుమ్మును పట్టుకోవడానికి మాత్రమే వాడుకోవచ్చు. నా మటుకు మన పరిస్థితులకు తగినవి రెండు. ఇంట్లో కెమెరా లెన్సు కోసం అమ్మే రబ్బరు బుడగ పంపు, ఓ అంగుళం మెత్తటి పెయింటు బ్రష్షు. నెట్ సెంటర్, డీటీపీ షాపు, స్కూలు ల్యాబు లాంటి చోట్ల చిన్న ఎలక్ట్రిక్ బ్లోయర్. బ్లోయర్ గాలిని ట్యాంకులో కుదించి నిలవ చేయదు కనుక నీరు తేలదు, వాయువేదీ వదలదు, ఒకసారి కొంటే ఏళ్లు వస్తుంది. జోరు మాత్రం తక్కువేమీ కాదు, ఫ్యాను రెక్కను ఆపడం ఇక్కడా తప్పదు.

పని ఆరుబయట, వరండాలో చేయాలి. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు ఉండాలి, ఎందుకంటే యంత్రంలోంచి లేచింది తిన్నగా మన ఊపిరితిత్తులకే వస్తుంది. మనం సీపీయూ అని పిలిచే పెట్టెకు పక్క పలక విప్పితే దుమ్ముకు దారి దానంతటదే ఏర్పడుతుంది. బ్రష్షుతో కదిలించి, లోపలి నుంచి విప్పిన వైపుకు ఊదాలి. లాప్‌టాప్ మూత విప్పడం చేతకాకపోతే, పూర్తిగా ఆపి ఛార్జర్ తీసేసి, వేడిగాలి వచ్చే కంత నుంచి చిన్నగా రెండు మూడుసార్లు కొడితే వదులుగా ఉన్న నూగు కింద జల్లెడ గుండా బయటపడుతుంది. పొరగా గట్టిపడినదైతే ఇలా రాదు, రెండు ముక్కలై ఫ్యాను కిందికి చేరుతుంది. అప్పుడు మూత విప్పి చేత్తో తీయించడం తప్ప దగ్గర దారి లేదు. యంత్రానికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. 230 వోల్టుల కరెంటు లోపల 325 వోల్టుల దాకా డీసీగా మారి కెపాసిటర్లలో నిలుస్తుంది, ప్లగ్గు తీశాక కూడా కాసేపు ఉంటుంది. లేజర్ ప్రింటర్ దగ్గర గాలి వద్దే వద్దు. టోనర్ పొడి మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు, లేస్తే గదంతా పరుచుకుంటుంది. టీ ఒలికిన కీబోర్డుకూ గాలి మందు కాదు. అది పంచదార నీటిని ఇంకా లోపలికి తోస్తుంది. వెంటనే కరెంటు తీసేసి, బోర్లించి, మెకానిక్‌కు అప్పగించాలి.

చివరిగా, షాపు యజమానులతో ఒక మాట. రోజుకు పది యంత్రాల దుమ్ము ఊదే కుర్రాడు మీ దగ్గర పనిచేస్తున్నాడు. ఒక్కో పెట్టె నుంచి లేచే దుమ్ము కస్టమర్‌కు ఏడాదికోసారి, అతనికి రోజుకు పదిసార్లు. కంప్రెషర్ లైనుకు ఒత్తిడి తగ్గించే రెగ్యులేటరూ, నీటిని వేరుచేసే ఫిల్టరూ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. రెగ్యులేటర్‌ను 30 పీఎస్ఐ దాటకుండా బిగించండి. మాస్కులు, కళ్లద్దాలు మీరే కొనివ్వండి, అతని జీతంలోంచి కాదు. ఊదే చోటును షాపు లోపలి మూల నుంచి గుమ్మం బయటికి మార్చండి.